నాలుగింటి బల్ల

జనవరి 9

గుండీకి,

కళ్ళద్దాలు దొరికాయి కాబట్టి మీ అత్త రాస్తోంది. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరాలేంటని విసుక్కోకు. ఫోన్లో నువ్వు "అవును" అంటే నాకు "ఆవు" అని వినబడుతోంది. పోయినసారి గంటసేపు మాట్లాడుకున్నాక, మా మేనకోడలు ఆవును కొందని మేడ మీదా కిందా అందరికీ చెప్పేశాను. కాగితం మీదైతే నువ్వు రాసిందే చదువుకుంటాను, గొడవ ఉండదు.

అసలు సంగతికొస్తాను. మార్చి పదమూడుకి మీ నాన్న పోయి ఏడాది. నా తమ్ముడు పోయాడని రాయడానికి చెయ్యి రాలేదు గానీ రాసేశాను. ఆ రోజు మా ఇంట్లో వాడి జ్ఞాపకార్థం కూడిక పెట్టుకుందామని ఉంది. ఏటా టేపు మెళ్ళో వేసుకుని దిగి, ఈ వీధి మొత్తానికి కొలతలు తీసుకుని, తన ఊళ్ళో కుట్టి పార్సిల్ పంపేవాడు కదా. సంగతి తెలియనివాళ్ళు "టేపు మాస్టారు ఈ ఏడు రాలేదేం" అని ఇప్పటికీ అడుగుతున్నారు. వాడి గురించి సాక్ష్యం చెబుతామని అప్పుడే నలుగురు పేర్లిచ్చారు. పాస్టరు గారు కూడా వస్తారు.

ఇంకొకటుంది. అడగాలా వద్దా అని తెగ గుంజాటన పడ్డాను. ఆ రోజు బల్ల ఉంటే నా మనసు కుదుటపడుతుంది. మీ నాన్న నిన్ను వీటన్నిటికీ దూరంగా పెంచాడని తెలుసు. బలవంతం లేదు. నువ్వు సరేనంటేనే.

మోకాళ్ళు ఎప్పట్లాగే ఉన్నాయి. మెట్లెక్కేటప్పుడు నేను వాటిని తిడతాను, దిగేటప్పుడు అవి నన్ను తిడతాయి.

ఆవు లేని నీకు,
అత్త


జనవరి 18

అత్తా,

ఆవు క్షేమం. నేనూ క్షేమం.

ముందు ఇది చెప్పు. నాన్న మీద కేసు వేసిందెవరు? నలుగురు సాక్ష్యానికి పేర్లిచ్చారంటే వ్యవహారం చాలా దూరం వెళ్ళిందన్నమాట. కోర్టులో పొద్దస్తమానం సాక్ష్యాలు టైపు కొట్టేదాన్ని, నాకే తెలియకుండా ఇదేంటి? ఎవరి చొక్కా పొట్టిదైంది? పోయిన మనిషి మీద కేసు నిలవదు, మా పెద్ద గుమస్తాని అడిగి ఖాయం చేసుకున్నాను. ఎవరేం తెచ్చినా నువ్వు సంతకం పెట్టకు.

కూడిక సంగతి. నాకు ప్రార్థన రాదత్తా. నాన్న నేర్పలేదు. వచ్చి మీ మధ్య కళ్ళు మూసుకుని కూర్చుంటే వేషం కట్టినట్టుంటుంది. అలాగని ఆ రోజు మామూలుగా ఆఫీసుకి పోయి టైపు కొట్టుకుని రావడమూ నావల్ల కాదు. నీకొక్కదానికే చెబుతున్నాను. ఆఫీసులో ఎవరి దగ్గరా నేను నాన్న మాట ఎత్తను. ఎత్తితే "పైనుంచి నిన్ను చూస్తూనే ఉంటారమ్మా" అంటారు, నేను తలూపాలి. తలూపితే నాన్నకి అబద్ధం చెప్పినట్టుంటుంది. ఊపకపోతే వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. అందుకని నోరు మూసుకుంటున్నాను. ఏడాదిగా ఇదే వరస.

బల్ల విషయంలో మాత్రం నాకేమీ అభ్యంతరం లేదు. నువ్వు అడగ్గానే గుండె బరువు దిగినట్టయింది. నాన్న జీవితమంతా బల్ల దగ్గరే గడిచింది. అమ్మ పోయిన సాయంత్రం కూడా దాని దగ్గరికే వెళ్ళాడు, అక్కడుంటేనే నాకు ఊపిరాడుతుందన్నాడు. నన్ను దూరంగా పెట్టిన మాట నిజమే, చదువు పాడవుతుందని ఆయన పట్టు. ఏర్పాట్లు నేను చూసుకుంటాను, నువ్వేం హైరానా పడకు.

నీ
గుండీ


జనవరి 27

నా బంగారు కోడలా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి నాలుగుసార్లూ ఏడ్చాను. సంతోషంతోనే లే.

కేసూ లేదు, గీసూ లేదు. సాక్ష్యమంటే మా దగ్గర, ఒకరి వల్ల తమకి జరిగిన మేలు నలుగురిలో లేచి చెప్పడం. కోర్టు గుమస్తా దగ్గరికి కూడా వెళ్ళొచ్చావా తల్లీ, నీ అమాయకత్వం కూల.

ఇక బల్ల. ఎంత దొంగే మీ నాన్న! నేను దేవుడి మాట ఎత్తితే చాలు, చెవిలో పెన్సిలు తిప్పుకుంటూ కిటికీలోంచి చూసేవాడు. అలాంటివాడు నాకు తెలియకుండా అక్కడ రోజూ బల్లకి వెళ్ళేవాడా? మా పాస్టరు గారే నెలకొక్కసారి ఇస్తారు రొట్టె, ద్రాక్షరసం. వీడు రోజూ తీసుకున్నాడంటే మా అందరికన్నా పైమెట్టు మీద ఉన్నట్టు. నాకు చెబితే ఎగతాళి చేస్తాననుకున్నాడు కాబోలు. చేసేదాన్నే.

కడుపులో దాచుకోలేక పాస్టరు గారికి చెప్పేశాను. ఆయన మొన్న ఆదివారం మందిరంలో అందరికీ చెప్పారు, టేపు మాస్టారు ఆఖరిదాకా రహస్యంగా విశ్వాసంలోనే ఉన్నారని. అందరూ లేచి పాట పాడారు. నేనూ లేచి పెదాలు ఆడించాను.

రొట్టె, రసం మా వాళ్ళు తెస్తారు. నువ్వు ఉత్త చేతులతో రా.

ఎగిరి గంతేయడానికి మోకాళ్ళు లేని
మీ అత్త


ఫిబ్రవరి 3

గుండీ,

లారీ వచ్చింది.

డ్రైవరు కింద నిలబడి "బల్ల వచ్చిందమ్మా" అని కేకేస్తే, రొట్టె తేవడానికి లారీ ఎందుకా అనుకున్నాను. దిగి చూద్దును కదా, మీ నాన్న బట్టలు కత్తిరించే బల్ల. నలుగురు పట్టుకుంటే గానీ కదల్లేదు. మెట్ల మలుపులో ఇరుక్కుంది, ముందుకీ పోదు వెనక్కీ రాదు, అరగంటసేపు పైవాటా వాళ్ళు పైనా కిందివాటా వాళ్ళు కిందా ఉండిపోయారు. చివరికి వెనక్కి లాగి, కింద మెట్ల పక్కన ఖాళీ జాగాలో వేశారు. అదింక అక్కడే.

అందరూ వెళ్ళాక దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదట నవ్వొచ్చింది, ఒళ్ళు కదిలిపోయేలా నవ్వాను. తర్వాత చేత్తో తడిమాను. అంచున వాడు చెక్కుకున్న అంగుళాల గీతలు ఉన్నాయి. కత్తెర పెట్టే చోట చెక్క అరిగి గుంట పడింది. సందుల్లో ఇంకా సుద్ద పొడి ఉంది, నా వేలికి అంటింది. కడుక్కోబుద్ధి కాక అలాగే అన్నం తినేశాను.

నేను అడిగింది ఇది కాదే పిచ్చిదానా. అయినా మందిరంలో పాట కూడా పాడేశారు. ఇప్పుడు నేనేం మొహం పెట్టుకుని చెప్పను?

అత్త


ఫిబ్రవరి 5

అత్తా,

జనవరి ఇరవై ఏడున నువ్వు రాసింది ఇవాళ అందింది. నవ్వాలో ఏడవాలో తెలియక కోపం తెచ్చుకున్నాను.

నేను రాసింది చెక్క బల్ల గురించి. షాపు ఖాళీ చేస్తూ దాన్నేం చేయాలో తోచక చస్తుంటే, నువ్వు అడిగావని లారీకెక్కించాను. ఈపాటికి చేరి ఉంటుంది.

నాన్న రహస్యంగా ఏమీ చేయలేదు. దేవుణ్ణి నమ్మలేదు, ఆ మాట అందరి మొహం మీదే చెప్పాడు, నమ్మేవాళ్ళ బట్టలు ఒళ్ళు దాచుకోకుండా కుట్టాడు. ఇప్పుడు కాదనడానికి ఆయన లేడని మీ జాబితాలో కలిపేసుకుని పాట పాడారా? బతికుండగా ఏ కొలత ఎవరికి తప్పుగా రాసినా ఊరుకోని మనిషికి, పోయాక మీరు వేరే మనిషి కొలతలు రాశారు.

నా దగ్గర మిగిలింది ఆయన ఎలా ఉండేవాడో అదొక్కటే. దాన్ని కూడా మార్చేస్తే నేనింక ఎవర్ని తలుచుకోను?

నేను రాను. బల్ల ఉంచుకో.

గుండీ


ఫిబ్రవరి 14

గుండీ,

నువ్వన్న ప్రతి మాటా నిజం. నీ ఉత్తరం రాకముందే నాకూ అదే అనిపించి, ఆదివారం మందిరంలో లేచి నిలబడ్డాను. మా తమ్ముడు వెళ్ళింది బట్టల బల్ల దగ్గరికి, మీరు పాడిన పాట వెనక్కి తీసుకోండి అన్నాను. పాస్టరు గారే ముందు నవ్వారు. తనకి కోటు కుట్టేటప్పుడు మీ నాన్న ఆయనతో అన్నాడట, "మీ దేవుడితో నాకు పేచీ గానీ మీ భుజాలతో కాదు, కదలకుండా నిలబడండి" అని. ఆ మాట తనకి గుర్తున్నా నా సంతోషం చూసి నమ్మేశానని ఒప్పుకున్నారు.

బల్ల అంటే మాకేంటో నీకెవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెబుతాను, బోధ చేస్తున్నాననుకోకు. వెళ్ళిపోయే ముందు ఒకాయన తన వాళ్ళందర్నీ దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. రొట్టె విరిచి పెట్టాడు. మళ్ళీ ఎప్పుడు ఇలా కూర్చున్నా నన్ను తలుచుకోమన్నాడు. నమ్మడానికి కష్టమైనవన్నీ ఆ తర్వాతి సంగతులు. అక్కడిదాకా నాకు దేవుడి మాటలాగా ఉండదు, రైలెక్కబోయే మనిషి మాటలాగా ఉంటుంది. నా తమ్ముణ్ణి అలా తలుచుకుందామనుకున్నాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

మీ బల్ల మాత్రం ఇక్కడ ఖాళీగా లేదు. కిందివాటా టీచరమ్మ దాని మీద పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పోస్టుమాన్ ఉత్తరాలన్నీ పరిచి వాటాలవారీగా సర్దుకుంటున్నాడు. నీ కోపం ఉత్తరం నాకిచ్చింది కూడా దాని మీంచే.

నాకున్నది ఒక్క తమ్ముడు, వాడికున్నది నువ్వొక్కదానివి. నువ్వు రాకపోతే మేం పది మంది కూర్చుని ఎవరో దర్జీ గురించి మాట్లాడుకున్నట్టుంటుంది. నీ పద్ధతి ఏదైనా ఉంటే చెప్పు తల్లీ, వింటాను. కాగితం మీదే కాబట్టి సరిగ్గానే వింటాను.

అత్త


ఫిబ్రవరి 22

అత్తా,

మందిరంలో లేచి పాట వెనక్కివ్వమన్నావా? నాన్న ఉంటే షాపు మూసేసి నవ్వేవాడు. నా కోపం నిన్న సాయంత్రంతో అయిపోయింది. ఎలాగో చెబుతాను విను.

నువ్వు రొట్టె గురించి రాసింది చదివాక నాన్న నాలుగింటి బన్ను గుర్తొచ్చింది. నీకు తెలియదేమో. రోజూ నాలుగింటికి టీ వచ్చేది, దాంతో ఒకే ఒక్క బన్ను తెప్పించేవాడు. ఆ సమయానికి షాపులో ఎవరుంటే వాళ్ళతో కలిసి విరుచుకుని తినేవాడు. కోటు ఆలస్యమైందని పోట్లాటకొచ్చిన మనిషికి కూడా నోట్లో ముక్క ఉంటే అరవడం కుదిరేది కాదు. రెండు కొనొచ్చు కదా నాన్నా అని ఒకసారి అడిగాను. "రెండు కొంటే ఎవరిది వాళ్ళు తింటారే" అన్నాడు.

ఇది వాడికెక్కడ అబ్బిందో నాకు తెలుసులే అని నువ్వంటావు. అను. చిన్నప్పుడు మీరిద్దరూ ఒకే మందిరంలో పక్కపక్కనే కూర్చున్నారు కదా. నమ్మకం అక్కడే వదిలేసి, బన్ను మాత్రం జేబులో వేసుకొచ్చాడేమో. నాకు అభ్యంతరం లేదు. నేనూ అదే చేద్దామనుకుంటున్నాను.

పదమూడున నాలుగింటికి ఆ బల్ల చుట్టూ కూర్చుందాం. వచ్చేవాళ్ళందరూ నాన్న కుట్టినదేదో ఒకటి వేసుకుని రావాలి. ఒకే రొట్టె, ఎంత పెద్దదైనా సరే. సాక్ష్యాలు కూడా ఉండాలి, ఆ మాట నాకు తెగ నచ్చింది. కాకపోతే మా కోర్టు పద్ధతిలో. కళ్ళారా చూసింది, చెవులారా విన్నది మాత్రమే చెప్పాలి. ఎవరో చెప్పారు, అలా అయ్యుంటుంది, పైనుంచి చూస్తున్నాడు, ఇవేవీ చెల్లవు. నువ్వు ప్రార్థన చేసుకుంటే నాకేం బాధ లేదు, మేడ మీద చేసుకుని దిగు.

దీనికి పాస్టరు గారు ఒప్పుకుంటారా?

నీ
గుండీ


మార్చి 2

గుండీ లాయరు గారికి,

పాస్టరు గారు ఒప్పుకున్నారు. చూసిందే చెప్పమంటే తన పని సగం తేలికైందన్నారు. నేను మేడ మీద ప్రార్థన చేసుకుని దిగుతాను. దిగేటప్పుడు మోకాళ్ళ కోసం ఇంకోటి చేసుకుంటాను, అది లెక్కలోకి రాదు.

మీ నాన్నకి ఇది ఎక్కడ అబ్బిందో నేనేమీ అనను. నువ్వే అనేశావు కాబట్టి మళ్ళీ ఒక్కసారి చదువుకుని మడిచి పెట్టుకున్నాను.

ఇక్కడ పెద్ద చిక్కొచ్చి పడింది. వాడు కుట్టినవి ఎవరికీ పట్టడం లేదు. టీచరమ్మ జాకెట్టు మోచేతి దగ్గరే ఆగిపోయింది. పాస్టరు గారి కోటుకి ఆయన పొట్ట అడ్డం. పోస్టుమాన్ చొక్కా పడుతుంది గానీ ఊపిరి పీల్చకూడదు. సరే ఇలా తెండని ఒక్కోటీ లోపలికి తిప్పి చూశాను. ఏం చూశాననుకున్నావు? అన్నిటికీ కుట్టు లోపల రెండేసి వేళ్ళ గుడ్డ వదిలేశాడు మహానుభావుడు. గుడ్డ దండగ కదరా అని నేను ఒకప్పుడు పోట్లాడితే, "కొలత తీసుకున్న రోజునే మనిషి ఆగిపోడక్కా" అన్నాడు. నేను స్వయంగా విన్నాను, రాసుకో.

వారం నుంచి వాడి బల్ల మీదే కూర్చుని వాడి కుట్లు విప్పుతున్నాను. కుట్టు విప్పితే లోపలి గుడ్డ కొత్తదానిలా ఉంటుంది. ఎండ తగల్లేదు కదా. పాస్టరు గారి కోటు వెలిసిపోయి బూడిద రంగుకొచ్చింది, పక్కల్లో మాత్రం కుట్టిన రోజు నీలం బయటపడింది. ఆయన అద్దంలో చూసుకుని మురిసిపోయారు.

నువ్వేం వేసుకుంటావు?

సూది మళ్ళీ పట్టిన
మీ అత్త


మార్చి 16

గుండీ,

నువ్వు బస్సెక్కిన దగ్గర్నుంచి ఇల్లు బోసిపోయింది. నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి జరిగిందంతా మళ్ళీ రాయను. నువ్వు చూడనిది ఒకటుంది, నీ మొహం. అది నేను చూశాను. నీ పద్ధతి ప్రకారం చూసిందే రాస్తున్నాను.

నాలుగైంది. రొట్టె నీ చేతికిచ్చారు. "మా నాన్న" అన్నావు, ఆగిపోయావు. గడ్డం వణికింది. నా చెయ్యి దానంతటదే ప్రార్థనకి లేవబోయింది, బల్ల కింద గట్టిగా పట్టుకుని ఆపుకున్నాను. అప్పుడే కదా పోస్టుమాన్ నీకోసం నిట్టూర్చాడు. చొక్కా కుట్టు విప్పించుకోనని మొండికేశాడు పాపం, ఊపిరి పీల్చొద్దని ఎన్నిసార్లు చెప్పాను. చొక్కా గుండీ ఊడి ఎగిరి పాస్టరు గారి టీలో పడింది. టీచరమ్మ "గుండీ" అని అరిచింది, నువ్వు "ఆఁ" అని పలికావు.

ఇంక చూడు. నవ్వి నవ్వి బల్ల మీదికి వాలిపోయావు. తలెత్తి, నువ్వు గుండ్రంగా పుట్టావని నాన్న ఆ పేరు పెట్టిన సంగతి చెప్పడం మొదలుపెట్టావు. అక్కణ్ణుంచి టీలు చల్లారాయి గానీ నువ్వు ఆపలేదు. రొట్టె విరుస్తూనే ఉన్నావు, చెబుతూనే ఉన్నావు. నీకు తెలియదు, నువ్వు మాట్లాడుతూ చెవిలో పెన్సిలు తిప్పుకున్నావు. నేను ఏడ్చింది అందుకు.

ఆ చివర్న పాస్టరు గారు లేచి, మాస్టారు నమ్మలేదు, ఆ సంగతి నా ముందే చెప్పారు, నాకు కోటు కుట్టారు, ఇదీ నా సాక్ష్యం అని కూర్చున్నారు చూడు. అంత చిన్న ప్రసంగం ఆయన జన్మలో చేయలేదు.

నేను నిన్ను సంతోషపెట్టడానికి రాయడం లేదు. నా నమ్మకం నాకుంది, వాణ్ణి మళ్ళీ చూస్తానని నాకు అనిపిస్తుంది, అది మేడ మీద ఉంచుకుంటాను. కింద ఆ పూట మాత్రం చూస్తాననుకోవడం కాదు, వాణ్ణి చూశాను.

ఇంకొకటి. నిన్న సాయంత్రం టీ పెట్టుకుంటుంటే కింద కుర్చీలు లాగుతున్న చప్పుడైంది. తొంగి చూస్తే నలుగురు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. టీచరమ్మ ఒక బన్ను తెచ్చింది. నేనెవర్నీ పిలవలేదు.

అత్త


మార్చి 25

అత్తా,

ఆఖరిసారి నాన్న నాకు కుట్టిన కోటు ఆ రోజు సరిగ్గా పట్టిందని నువ్వు కుట్టు విప్పనివ్వలేదు కదా. ఇక్కడికొచ్చాక లోపలికి తిప్పి చూశాను. నాకు రెండు వేళ్ళు కాదు, నాలుగు వేళ్ళ గుడ్డ వదిలాడు. నేను బాగా లావవుతాననుకున్నాడో, చాలా ఏళ్ళు వేసుకుంటాననుకున్నాడో తెలియదు. చూడనిది చెప్పకూడదు కాబట్టి ఊరుకుంటున్నాను.

నిన్న ఆఫీసులో నాలుగింటికి ఒక బన్ను తెప్పించాను. పక్క సీటు ఆవిడకి సగం విరిచి ఇచ్చాను. నా పక్కనే కూర్చుంటుంది గానీ, మా మధ్య కార్బన్ కాగితం అడగడం తప్ప వేరే మాటలుండవు. ఆకలిగా లేదంది. ఆకలి కోసం కాదన్నాను. మరెందుకని అడిగింది.

చెప్పడం మొదలుపెట్టాను. గుమస్తా రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. టైపు మిషన్లు అన్నీ ఆగిపోయాయి, ఆఫీసంతా వింటోందని చాలాసేపటిదాకా నేను గమనించలేదు. పైనుంచి చూస్తుంటారని ఎవరూ అనలేదు. ఆవిడ మాత్రం, మా అమ్మ కూడా ఇలాంటి మనిషేనండీ అని మొదలుపెట్టింది. ఈలోగా ఆఫీసు మూసే వేళయింది.

అందుకని ఇవాళ బన్ను తను తెస్తానంది. ఒక్కటే తెమ్మని చెప్పాను.

నాలుగు కావస్తోంది, ఉంటాను.

టేపు మాస్టారి
గుండీ